కడపలో బ్రౌన్ దొర కొన్న ఇల్లు

కడప పేరు వినగానే మన ఆడవాళ్లకు ముందు గుర్తొచ్చేది వంటింట్లో నల్లబండ. హైదరాబాదులో ఉన్నా, పుణెలో ఉన్నా, స్టవ్వు కింద గట్టుకి, సామాన్ల అరలకి, పూజ అలమరకి కడప బండే వేస్తారు. అలా మా జిల్లా ఎవరెవరి వంటిళ్లలోకో వెళ్లి కూర్చుంది. ఈరోజు నేను చెప్పబోయేది మాత్రం బయటికి పోయిన బండల సంగతి కాదు. బయటినుంచి వచ్చి కడపలో ఇల్లు కొనుక్కున్న ఒక తెల్లాయన సంగతి.

ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. బడిలో మనమంతా ఆయన గురించి రెండు మార్కుల ప్రశ్న చదువుకున్నాం. నిఘంటువు రాశాడు, వేమన పద్యాలు వెలికి తీశాడు, అంతే. ఇరవై మూడేళ్లు అద్దె ఇళ్లలో కాపురం చేసిన నాకు మాత్రం ఆయన జీవితంలో ఇంకో విషయం బాగా పట్టుకుంది. బదిలీల ఉద్యోగంలో ఉండి, పెళ్లి కూడా చేసుకోకుండా, ఏనాటికైనా లండన్ వెళ్లిపోవాల్సిన మనిషి, 1826లో కడపలో సొంతానికి బంగళా ఎందుకు కొన్నాడు? ఆయన తోటి దొరలు చాలామంది ఆ పని చేయలేదు. ఆ సంగతి అర్థం కావాలంటే అప్పట్లో మన ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు ఎలా కాపురముండేవారో కొంచెం తెలియాలి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దీనికి దత్తమండలాలు అని పేరొచ్చింది. రాయలసీమ అన్న పేరు చాలా తర్వాత, 1928లో నంద్యాల సభలో పెట్టుకున్నది. దత్తమండలాలకి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1800 నుంచి 1807 వరకు ఏడేళ్లు ఉన్నాడు. అందులో ఎక్కువ కాలం ఆయన ఇల్లు డేరానే. ఊరూరా తిరుగుతూ, పొలం పొలం కొలిపిస్తూ, రైతు రైతుతో మాట్లాడి శిస్తు కట్టించాడు. ఈరోజు మనం స్థలం కొనేటప్పుడు సర్వే నంబరు ఎంత, పట్టా ఎవరి పేరున ఉంది అని అడుగుతామే, మన వైపు ఆ వ్యవహారానికి పునాది పడింది ఆ డేరాలు తిరిగిన రోజుల్లోనే. జనం పొలాలకి లెక్క రాసిన మనిషికి తనదంటూ నిలకడైన ఇల్లు లేదు.

తర్వాత జిల్లాలు ఏర్పడ్డాయి. కడప జిల్లాకి 1808 నుంచి 1812 దాకా సిద్ధవటం ముఖ్య పట్టణం. పెన్న ఒడ్డున కోటలో కచేరీ. ఆ తర్వాత కడపకి మారింది. కచేరీ ఎక్కడికి పోతే దొరల కాపురాలు అక్కడికి పోయేవి. ఊరికి కొంచెం ఎడంగా, గాలి తగిలే చోట నాలుగైదు బంగళాలు, ఒక గుర్రాల సాల, చిన్న చర్చి, దాని పక్కన సమాధుల తోట. జిల్లా పట్టణాల్లో ఇంగ్లీషు పేట అంటే దాదాపు ఇంతే. మొత్తం కలిపితే మన వీధిలో వినాయక చవితి చందా రాసినంత మంది కూడా ఉండరు.

ఆ బంగళాలు ఎలా ఉండేవో చెప్తాను. ఎత్తుగా కట్టిన పునాది, మందమైన గోడలు, చాలా ఎత్తున కప్పు, చుట్టూతా వరండా. వంటిల్లు ఇంట్లో ఉండదు. పొగ, సెగ రాకుండా వెనకాల దూరంగా విడిగా కడతారు. వండినవి మోసుకొచ్చేసరికి చల్లారిపోయేవేమో! ఎండాకాలం ద్వారాలకి వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లుతూ ఉండటానికి ఒక మనిషి. లోపల పైనుంచి వేలాడే గుడ్డ పంకా లాగటానికి ఇంకో మనిషి. నీళ్లు మోయటానికి ఒకరు, గుర్రాలకి ఒకరు. ఒక దొర హాయిగా ఉండాలంటే పదిమంది చెమటోడ్చాలి.

అదే ఎండలో మనవాళ్లు ఎలా ఉండేవారు? మా అమ్మమ్మ వాళ్ల మిద్దె ఉంది జమ్మలమడుగు వైపు. బండరాళ్ల గోడలు, దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన మందంగా చౌడు మట్టి. నడింట్లో వెలుతురు పడటానికి పైన చిన్న గవాక్షం. వానాకాలం ముందు మిద్దెక్కి కొత్త చౌడు పరిచి తొక్కాలి, లేకపోతే కారుతుంది. బయట మంటలు మండుతున్నా లోపల చల్లగా ఉండేది. పంకా లాగే మనిషి అక్కర్లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. వంటింటి పొగంతా ఆడవాళ్ల కళ్లలోకే. బంగళా వంటింటిని దూరం పెట్టి పొగని పనివాళ్ల మీదికి తోసింది. మిద్దె వంటింటిని లోపల పెట్టి పొగని మన మీదికి తోసింది. ఏ ఇంటిలోనైనా ఎవరి సుఖం కోసం ఏ గోడ కట్టారో చూస్తే ఆ ఇంటి సంగతి తెలిసిపోతుంది.

ఈ బంగళాల్లో దొరసానుల మాట పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. ఒక్కరి గురించి మాత్రం చెప్పాలి. మన్రో 1814లో జేన్ క్యాంప్‌బెల్ అనే ఆమెని పెళ్లి చేసుకున్నాడు. ఆయనకి అప్పటికి యాభై రెండేళ్లు. 1820లో మద్రాసు గవర్నరయ్యాక గిండీలో తోట మధ్య పెద్ద ఇల్లు వాళ్లది. 1826లో చిన్న కొడుకు ఆరోగ్యం బాగాలేక ఆమె బిడ్డని తీసుకుని ఇంగ్లండు ఓడెక్కింది. మన్రో ఉద్యోగం వదిలేసి వస్తానన్నాడు, బదులు గవర్నరు రావడం ఆలస్యమైంది. ఆమె లేని గిండీ ఇల్లు ఎంత బోసిపోయిందో ఉత్తరాల్లో రాసుకున్నాడు. వెళ్లేముందు తన పాత దత్తమండలాలని ఒక్కసారి చూసి వస్తానని బయల్దేరాడు. 1827 జూలై 6న మన కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అదీ ప్రయాణపు మజిలీలోనే. గుత్తిలో పూడ్చిపెట్టి, తర్వాత అస్థికల్ని మద్రాసు కోటలోని చర్చికి తీసుకుపోయారు. పత్తికొండలో ఆయన పేరుమీద బావి తవ్వించి తోపు వేయించారు. ఈ వైపు పిల్లలకి మన్రోలప్ప అని పేరు కూడా పెట్టుకునేవారు. ఇంత అభిమానం సంపాదించినా, భార్య ఒక సముద్రం అవతల, తాను దారిలో ఒక మజిలీలో. వార్త ఆమెకి చేరటానికే నెలలు పట్టే రోజులవి. క్వార్టర్స్ ఎంత పెద్దదైనా క్వార్టర్సే కదా అని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు బ్రౌన్ దగ్గరికొద్దాం. 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్లిపోయింది. 1817లో మద్రాసులో దిగి, కంపెనీ కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. 1820లో కడపలో కలెక్టరు కింద అసిస్టెంటుగా మొదటి ఉద్యోగం. మరుసటి ఏడాదే కడపలో పిల్లలకి ఉచితంగా బళ్లు తెరిచాడు. తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి 1826లో మళ్లీ కడప వచ్చాడు. అప్పుడే ఎర్రముక్కపల్లెలో పదిహేనెకరాల తోటతో ఉన్న బంగళా కొన్నాడు.

అది అంత మామూలు విషయం కాదు. కంపెనీ రోజుల్లో తెల్లవాళ్లు ఇక్కడ లోపలి జిల్లాల్లో స్వేచ్ఛగా భూములు కొనుక్కుని స్థిరపడటానికి ఎన్నో కట్టుబాట్లు ఉండేవి. 1833 చార్టరు చట్టం తర్వాతే ఆ తలుపులు బాగా తెరుచుకున్నాయి. అంతకుముందే ఒక చిన్న ఉద్యోగి పదిహేనెకరాలు కొన్నాడంటే ఏదో గట్టి ఉద్దేశమే ఉండాలి.

ఆ ఉద్దేశం పండితులు. బ్రౌన్‌కి కావలసింది తాను పడుకునే గది కాదు, పని జరిగే చోటు. తాళపత్రాలు తెప్పించాలి. ఒకే కావ్యానికి పది ప్రతులు పక్కపక్కన పెట్టి చూడాలి. ఏది సరైన పాఠమో తేల్చాలి. శుద్ధప్రతి రాయాలి. వ్యాఖ్యానం రాయించాలి. ఇదంతా ఏళ్ల తరబడి సాగే పని. ఏడాదికో ఊరు బదిలీ అయ్యే మనిషి తాళపత్రాల కట్టలు నెత్తిన పెట్టుకుని తిరగలేడు. అందుకే ఇల్లు ఒకచోట నిలబెట్టాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అనే ఆయనకి అజమాయిషీ ఒప్పజెప్పాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు పనిచేశారు. జీతాలు తన సంపాదనలోంచే, అది చాలకపోతే అప్పులు చేసి. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. ఆయన కడప నుంచి బదిలీ అయి వెళ్లిపోయాక కూడా ఆ బంగళాలో గంటం ఆగలేదు.

నాకు నచ్చింది ఇదే. మనం ఇల్లు కొనేది మనం ఉండటానికి. ఆయన కొన్నది తాను లేనప్పుడు కూడా పని సాగటానికి. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. మనుచరిత్ర, వసుచరిత్ర వంటి కావ్యాలకి వ్యాఖ్యానాలు తయారయ్యాయి. 1852 ప్రాంతంలో నిఘంటువులు వెలువడ్డాయి. మనం ఇవాళ ఆన్‌లైన్లో వెతికే తెలుగు మాటల అర్థాలకి ఒక మూలం ఆ ఇంట్లో ఉంది. పండితుల పేర్లు, ఆయన పేరు పుస్తకాల్లో మిగిలాయి. అంతమందికి పూటపూటా నీళ్లు తోడినవాళ్లు, వరండా ఊడ్చినవాళ్లు, దీపాలు తుడిచినవాళ్లు మాత్రం పేర్లు లేకుండా పోయారు. అదేమీ మనకి కొత్త కాదులెండి.

1855లో బ్రౌన్ ఇంగ్లండు వెళ్లిపోయాడు. అక్కడ లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ప్రొఫెసరుగా ఉండి, 1884 డిసెంబరు 12న చనిపోయాడు. లండన్‌లో కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. అక్కడి తెలుగువాళ్లు వెళ్లి దండం పెట్టుకుంటారు. కడప బంగళా చేతులు మారి పాడుబడింది. చివరికి జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి చందాలు పోగుచేసి, ఊరి పెద్దల్ని కూడగట్టి ఆ స్థలంలోనే బ్రౌన్ పేర గ్రంథాలయం కట్టించారు. 1980ల్లో మొదలైన పని 1990ల్లో పూర్తయింది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తున్న భాషా పరిశోధన కేంద్రం.

ఇక్కడ మన ఆడవాళ్ల ప్రశ్న ఒకటి అడగాలి. బ్రౌన్ పెళ్లి చేసుకుని ఉంటే, ఆ బంగళా ఆయన భార్య పేరున కొనగలిగేవాడా? అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్లయిన ఆడదానికి విడిగా ఆస్తి అనేదే దాదాపు లేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న డబ్బూ నగా భర్తవైపోయేవి. 1870లో కొంత, 1882లో పూర్తిగా చట్టం మారి పెళ్లయిన స్త్రీ తన పేరున ఆస్తి ఉంచుకోగలిగింది. బ్రౌన్ చనిపోవడానికి రెండేళ్ల ముందన్నమాట. అన్నిట్లో మనకంటే ముందున్నారనుకునే దేశంలో సంగతి ఇది. మనకి స్త్రీధనం అనే మాట ఏనాటి నుంచో ఉంది. పసుపు కుంకుమ కింద ఆడపిల్లకి ఎకరమో అరెకరమో రాసివ్వడం మన ఊళ్లలో తెలిసినదే. కానీ ఇల్లు, పిత్రార్జితం మగవాళ్లవే. 1937లో భర్త పోయిన స్త్రీకి ఆయన భాగంలో హక్కు వచ్చింది, అదీ బతికున్నంత కాలం అనుభవించటానికే. 1956లో వారసత్వ చట్టం దాన్ని పూర్తి హక్కు చేసింది. ఆడపిల్లకి పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా వాటా అన్నది మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986 చట్టంతో తెచ్చింది. దేశమంతా రావటానికి 2005 అయింది.

ఇంకో ఇంగ్లీషు పేట సంగతి కూడా చెప్పుకోవాలి. పాత కడప జిల్లాలో నందలూరు ఉంది కదా, సౌమ్యనాథస్వామి గుడి ఉన్న ఊరు. మద్రాసు నుంచి రాయచూరుకి రైలు మార్గం 1871కి పూర్తయింది. ఆ దారిలో నందలూరులో ఆవిరి ఇంజన్ల లోకోషెడ్డు పెట్టారు. దాంతోపాటు రైల్వే కాలనీ. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వచ్చి ఉండేవి. వరుసగా క్వార్టర్లు, చెట్ల వరసలు, ఆదివారం చర్చి, క్రిస్మస్‌కి కేకులు. ఒక తెలుగు ఊరి పక్కన ఒక చిన్న ఇంగ్లీషు పేట. ఆ ఇళ్లలో వాళ్ల తల్లులు పురుళ్లు పోసుకున్నారు, గులాబీలు పెంచారు, పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేశారు. కానీ ఏ ఇల్లూ వాళ్లది కాదు. ఉద్యోగం అయిపోతే తాళం ఇచ్చి వెళ్లిపోవాలి. ఆవిరి ఇంజన్లు పోయాక లోకోషెడ్డు మూతపడింది, కాలనీ కళ తప్పింది.

ఆ బాధ వాళ్లలో ఎంత లోతుగా ఉండేదో తెలియాలంటే మెక్‌లస్కీగంజ్ కథ చూడాలి. 1933లో, ఇప్పటి జార్ఖండ్‌లో, ఇ.టి. మెక్‌లస్కీ అనే ఆయన ఆంగ్లో ఇండియన్లకంటూ సొంత ఇళ్లున్న ఊరు ఉండాలని సంఘం పెట్టి, రాతూ మహారాజు దగ్గర దాదాపు పదివేల ఎకరాలు తీసుకున్నాడు. సుమారు మూడొందల కుటుంబాలు వచ్చి బంగళాలు కట్టుకున్నాయి. కానీ అక్కడ ఉద్యోగాల్లేవు, సంపాదన లేదు. స్వాతంత్ర్యం తర్వాత పిల్లలు ఒక్కొక్కరే విదేశాలకి పోయారు. క్వార్టర్లలో పని ఉంది, ఇల్లు లేదు. మెక్‌లస్కీగంజ్‌లో ఇల్లుంది, పని లేదు. ఇల్లు కొనేవాళ్లెవరైనా ఈ రెండు ఊళ్లని పక్కపక్కన పెట్టి ఆలోచించుకోవాలి.

మనవాళ్లకీ డేరాల రోజులు వచ్చాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు కట్టడాలు చాలక ఆఫీసులు డేరాల్లో నడిచాయి. మద్రాసు నుంచి ఉద్యోగులు సంసారాలతో వచ్చి ఇళ్ల కోసం వెతుక్కున్నారు. మూడేళ్లకే 1956లో రాజధాని హైదరాబాదు పోయింది. మళ్లీ సామాన్లు సర్దుడే. సర్దింది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

నా సంగతి కూడా కొంచెం చెప్తాను. మావారిది బదిలీల ఉద్యోగం. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, రాయచోటి, ఇలా తొమ్మిది అద్దె ఇళ్లు. ఒకచోట గోడకి మేకు కొట్టొద్దన్నారు. ఒకచోట బోరు పొద్దున గంట మాత్రమే వేసేవారు. బంధువులు వస్తే నీళ్ల లెక్క అడిగేవారు. చివరికి రెండేళ్ల కిందట కడప పక్కన మూడు సెంట్లలో చిన్న ఇల్లు బేరమాడాం. నా నగలు కొన్ని, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం అమ్మిన డబ్బు అందులో పడ్డాయి.

రిజిస్ట్రేషన్ ముందు రోజు రాత్రి ఎవరి పేరున అన్న మాట వచ్చింది. అబ్బాయి పేరున రాయిస్తే తర్వాత ఖర్చు తప్పుతుందని మా బావగారు అన్నారు. మావారు ఏమీ అనలేదు. నా పేరు కూడా ఉండాలని నేను అన్నాను. అంతే, గదిలో అందరూ నావైపు వింతగా చూశారు. మంచం మీద పడుకున్న మా అత్త లేచి కూర్చుంది. ఆమెకి నలభై ఒక్కో ఏట మామగారు పోయారు. ఉమ్మడి ఇల్లు. ఒక గది సున్నం కొట్టించుకోవాలన్నా అందరినీ అడగాల్సి వచ్చిన మనిషి.

"ఆ పిల్ల పేరు మీద కూడా రాయించు నాయనా. నాకు జరిగింది నువ్వు చూసినావు కదా" అంది.

ఇంకెవరూ మాట్లాడలేదు. ఇల్లు మా ఇద్దరి పేర్లమీద రిజిస్టరయింది. మా బావగారు ఆరునెలలు సరిగా పలకరించలేదు. ఇప్పుడు పలకరిస్తున్నారు. మా అత్త కూడా మాతోనే ఉంటోంది, ముందు గదిలో. కిటికీ పక్కన మంచం ఎక్కడ వేయాలో ఆమే చెప్పింది.

ఇల్లు చూడబోయే అక్కచెల్లెళ్లకి నాకు తెలిసిన నాలుగు మాటలు. మన వైపు ముందు నీళ్లు చూడండి. ఎండాకాలంలో వెళ్లి చూడండి, వానాకాలంలో కాదు. పక్కింటి ఆవిడని అడగండి, అమ్మేవాళ్లకంటే ఆవిడే నిజం చెబుతుంది. ఈసీ తీయించి, పాత లింకు డాక్యుమెంట్లు ఒకటికి రెండుసార్లు చదివించుకోండి. మీ డబ్బు, మీ బంగారం ఎంత పడిందో కాగితం మీద రాసిపెట్టుకోండి. దస్తావేజులో మీ పేరు ఉందో లేదో సంతకాలకి ముందే చూసుకోండి. ప్రభుత్వాలు ఇచ్చే ఇంటి పట్టాలే ఈమధ్య ఆడవాళ్ల పేరున వస్తున్నప్పుడు, మనం కష్టపడి కొనుక్కున్న దానిమీద మన పేరు అడగటానికి మొహమాటం ఎందుకు?

ఎప్పుడైనా కడప వస్తే దేవుని కడప, పెద్ద దర్గా చూసుకుని, ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి కూడా ఒక గంట వెళ్లి రండి. పిల్లల్ని తీసుకెళ్లండి. అక్కడ ఇప్పుడు ఎవరైనా వెళ్లి కూర్చుని చదువుకోవచ్చు. మా కాలనీ ఆడవాళ్లం నలుగురం నెలకోసారి వెళ్తున్నాం. పోయినసారి వెళ్లినప్పుడు నేను బ్రౌన్ నిఘంటువులో "ఇల్లాలు" అన్న మాట తీసి చూశాను. మీరూ తీసి చూడండి.